జ్వరంలో ఫిట్స్ వచ్చే పిల్లాడికి ముక్కు స్ప్రే: ఇంట్లో పెట్టుకోవడం క్షేమమేనా?

పొదిలి_నాన్న | శుక్రవారం రాత్రి 10:42

అందరికీ నమస్తే. మాది పొదిలి. మావాడికి రెండేళ్ల మూడు నెలలు, బరువు 11 కిలోలు. పోయిన ఆదివారం రాత్రి జ్వరం 103 ఉంది. నుదుటి మీద తడిగుడ్డ మారుద్దామని వంగేసరికి కళ్లు ఒక పక్కకి లాగేసినయ్, దవడ బిగిసింది, కాళ్లూ చేతులూ కొట్టుకోవడం మొదలైంది. మా అమ్మ తాళాలగుత్తి తెచ్చి వాడి గుప్పిట్లో కుక్కింది. పక్కింటాయన నోట్లో స్పూను పెట్టబోతే నా భార్య తోసేసింది. ఎంతసేపు ఉందో ఎవరికీ తెలీదు. నన్నడిగితే అరగంట అంటా, ఆవిడ ఐదు నిమిషాలంటది.

కారులో ఒంగోలుకి బయల్దేరాం. చీమకుర్తి దగ్గర గ్రానైట్ లారీల వెనక ఇరుక్కుని ఎంతసేపు నిలబడ్డామో... సరే, అది వదిలేద్దాం. హాస్పిటల్ చేరేసరికి గుక్కపెట్టి ఏడుస్తున్నాడు. అంటే ఫిట్స్ దారిలోనే ఎప్పుడో ఆగిపోయింది.

డాక్టరమ్మ పరీక్షలన్నీ చేసి ఇది జ్వరపు ఫిట్సే, మెదడువాపు లాంటిదేం కాదన్నారు. రెండు మందులు రాశారు. ఒకటి మిడజోలం అని ముక్కులో కొట్టే స్ప్రే, మళ్లీ ఫిట్స్ వచ్చి 5 నిమిషాలు దాటితే వాడమన్నారు. రెండోది క్లోబజాం బిళ్ల, జ్వరం వచ్చినప్పుడు మాత్రమే, మూడు రోజులు.

ఇంటికొచ్చి ఫోన్‌లో వెతికా. అదే నేను చేసిన తప్పు. మిడజోలం ఆపరేషన్ థియేటర్లో మత్తుకి ఇచ్చేదంట, ఊపిరి ఆగిపోవచ్చంట. మా అమ్మకి చదివి వినిపించా, అది రెండో తప్పు. "పసిబిడ్డకి మత్తుమందేందిరా, బుద్ధి మొద్దుబారిపోద్ది" అని స్ప్రే సీసా తీసి బీరువాలో దాచింది. ఎవరన్నా ఇంట్లో వాడుంటే చెప్పండి. నిజంగా ఊపిరి ఆగుద్దా?

కందుకూరు_సిస్టర్ | శుక్రవారం రాత్రి 11:15

తమ్ముడూ, ముందు ఆ సీసా బీరువాలోంచి బయటికి తీయించు. తాళంచెవి వెతికేలోపు అయిదు నిమిషాలు అయిపోతాయి.

నేను క్యాజువాలిటీలో 14 ఏళ్లుగా చేస్తున్నా. మళ్లీ వస్తే ఏం చేయాలో చెప్తా. మొదట ఫోన్ తీసి టైం చూడు. భయంలో నిమిషం గంటలా అనిపిస్తది, నువ్వు అరగంట అన్నది అందుకే. పిల్లాణ్ణి పక్కకి తిప్పి పడుకోబెట్టు, నోట్లో నురగ, వాంతి బయటికి కారిపోయేట్టు. మెడ దగ్గర గుండీలు విప్పు. నోట్లో ఏమీ పెట్టబాకండి, నీళ్లు కూడా. ఆ టైంలో పోసిన నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. తాళాలగుత్తి వల్ల ఫిట్స్ ఆగవు. చాలావరకు రెండు మూడు నిమిషాల్లో వాటంతటవే ఆగిపోతాయి, మనం తాళాలు పెట్టినందుకు ఆగాయనుకుంటాం.

ఆగకపోతే స్ప్రే. సాధారణంగా కిలోకి 0.2 మి.గ్రా. లెక్క. 11 కిలోలంటే 2 మి.గ్రా. పైచిలుకు. పఫ్‌కి 0.5 మి.గ్రా. వచ్చే సీసా అయితే 4 పఫ్‌లు, ఒక్కో ముక్కులో రెండు. కానీ అన్ని సీసాలూ ఒకే బలం ఉండవు. మీ సీసా మీద పఫ్‌కి ఎంతో చదివి, డాక్టరమ్మ చీటీ మీద రాసిన పఫ్‌ల లెక్కతో సరిపోయిందో లేదో రేపు పొద్దున్నే చూడు. కొత్త సీసా అయితే మొదటి నాలుగైదు నొక్కులకి గాలే వస్తది. ముందే గాల్లోకి కొట్టి తుంపర పడేదాకా చూసి పెట్టుకో. ఒక తల్లి నాలుగు పఫ్‌లు కొట్టానంది, సీసా చూస్తే ఒక్క చుక్క దిగలా.

కొట్టాక 108కి ఫోన్ చేయి. ఫిట్స్ ఆగినా సరే హాస్పిటల్‌కి చూపించు.

ఉదయగిరి_వెంకి | శుక్రవారం రాత్రి 11:31

అన్నా, మా పిన్ని కొడుక్కి ఉల్లిపాయ దంచి వాసన చూపిస్తే టక్కున లేచాడు. ఈ మందులు కంపెనీలోళ్ల యాపారం. మా కాలంలో పిలకాయలకి ఫిట్స్ రాలేదా, మేం బతకలేదా?

కందుకూరు_సిస్టర్ | శుక్రవారం రాత్రి 11:38

బతికినోళ్లే కదా ఇక్కడ రాస్తుండేది వెంకీ.

మత్తుడాక్టర్_నెల్లూరు | శనివారం ఉదయం 6:20

నేను మత్తు డాక్టర్ని. రోజూ చేతిలో ఉండే మందే కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తున్నా, ఓపిగ్గా చదవండి.

మిడజోలం, లోరజెపాం, డయజెపాం, క్లోబజాం, క్లోనజెపాం, ఆల్ప్రజోలం, ఇవన్నీ ఒకే ఇంటి మందులు. బెంజోడయజెపిన్లు అంటాం. మొదటిది 1960లో, డయజెపాం 1963లో అమ్మకానికొచ్చాయి. వాటి ముందు నిద్రకీ మత్తుకీ బార్బిచురేట్లే దిక్కు. వాటిలో మోతాదు కొంచెం ఎక్కువైతే ప్రాణం పోయేది. ఆ లెక్కన ఇవి చాలా మేలు.

పని చేసే తీరు ఇదీ. మెదడు కణాలు అదుపు తప్పి ఒకదాన్నొకటి రెచ్చగొట్టుకోవడమే ఫిట్స్. వాటికి కళ్లెం వేసే రసాయనం గాబా. ఈ మందులు సొంతంగా కళ్లెం వెయ్యవు, ఉన్న గాబాకి బలాన్నిస్తాయి. ఫిట్స్ సాగేకొద్దీ కణాల పైనుండే గాబా గ్రాహకాలు లోపలికి జారిపోతాయి. అప్పుడు మందు పట్టుకోవడానికి చోటు ఉండదు. చెరువుకట్టకి గండి పడ్డప్పుడు మొదట్లోనే అయితే నాలుగు ఇసుక బస్తాలు చాలు, తెల్లారి వస్తే లారీ లోడు దింపినా ఆగదు. 5 నిమిషాలు అన్నది అందుకే. ఒళ్లంతా కొట్టుకునే ఫిట్స్ 5 నిమిషాలు దాటితే దానంతటది ఆగే ఆశ తగ్గుతుంది, 30 నిమిషాలు దాటితే మెదడుకి నష్టం మొదలవ్వొచ్చు. 2015లో మూర్ఛవ్యాధి నిపుణుల అంతర్జాతీయ సంఘం పెట్టిన గీతలు ఇవే.

ఇక ఊపిరి సంగతి. మీరు చదివింది అబద్ధం కాదు. నరంలోకి వేగంగా ఎక్కించినా, మోతాదు మించినా, మార్ఫిన్ జాతి మందులతో కలిపినా ఊపిరి మందగిస్తుంది. అయితే 2001లో శాన్‌ఫ్రాన్సిస్కో అంబులెన్సుల్లో 205 మంది మీద ఒక పరీక్ష జరిగింది. ఫిట్స్ ఆగనివాళ్లలో కొందరికి లోరజెపాం, కొందరికి డయజెపాం, కొందరికి ఉత్త నీళ్ల సూది. హాస్పిటల్‌కి చేరేలోపు ఫిట్స్ ఆగింది లోరజెపాం వాళ్లలో 59 శాతం, డయజెపాం వాళ్లలో 43, నీళ్ల సూది వాళ్లలో 21. ఊపిరి, రక్తపోటు ఇబ్బందులు ఎవరికి ఎక్కువొచ్చాయి? నీళ్ల సూది వాళ్లకి! వాళ్లలో 22 శాతం పైన, మందు తీసుకున్నవాళ్లలో 10 శాతం చిల్లర. ఫిట్స్ కంటే మందే ఊపిరికి ప్రమాదం అనుకోవడం ఎంత పొరపాటో చూడండి.

అవి పెద్దవాళ్ల లెక్కలు, నరంలో వేసిన సూదులు. మీవాడిది ముక్కు స్ప్రే, బరువుకి తగ్గ ఒక్క మోతాదు. కాస్త మగతగా పడుకుంటాడు, ముక్కు మండి ఏడుస్తాడు, కళ్లల్లో నీళ్లొస్తాయి. కొందరు పిల్లలు మగతకి బదులు చిర్రుబుర్రులాడి గోల చేస్తారు, అదీ ఈ మందు గుణమే. మీ చేత్తో చేయకూడనిది ఒక్కటే: ఆగలేదని సొంతంగా రెండోసారి, మూడోసారి కొట్టడం. రెండో మోతాదు ఊపిరి చూసే మనిషి, ఆక్సిజన్ ఉన్నచోట.

పొదిలి_నాన్న | శనివారం ఉదయం 8:05

చాలా థాంక్స్ సార్. అమ్మకి చదివి వినిపించా. చెరువుకట్ట మాట దగ్గర తలూపింది. కానీ బుద్ధి మందగించడం గురించి సార్ ఏం చెప్పలేదు అంటంది.

మత్తుడాక్టర్_నెల్లూరు | శనివారం ఉదయం 8:30

అమ్మగారికి నా నమస్కారాలు. మామూలు జ్వరపు ఫిట్స్ వల్ల తెలివితేటలు తగ్గవు. ఆర్నెల్ల నుంచి అయిదేళ్లలోపు పిల్లల్లో నూటికి 2 నుంచి 5 మందికి వస్తాయి, ఒకసారి వచ్చినవాళ్లలో మూడోవంతు మందికి మళ్లీ వస్తాయి, ఆ వయసు దాటాక పోతాయి. ఎప్పుడో ఏడాదికి ఒకట్రెండు సార్లు కొట్టే స్ప్రేతో బుద్ధికి ఏమీ కాదు.

క్లోబజాం సంగతి మాత్రం డాక్టర్ల మధ్యే రెండు మాటలుంది. మన దేశంలో జ్వరం వచ్చిన రెండు మూడు రోజులు ఇచ్చే అలవాటు బాగా ఉంది. అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం మామూలు జ్వరపు ఫిట్స్‌కి అలా ముందుజాగ్రత్త మందులు వద్దంటుంది. ఫిట్స్ వల్ల జరిగే కీడు తక్కువ, మందు వల్ల మగత, తూలడం ఉంటాయని వాళ్ల వాదన. నిద్రమత్తులో ఉన్న పిల్లాడికి అది మందు మత్తా, మెదడుజ్వరం మొదలా అని తేల్చుకోవడం కూడా కష్టమే. హాస్పిటల్ 50 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఊళ్లో మీ డాక్టరమ్మ ఇచ్చారంటే నేను తప్పుపట్టను. మళ్లీ వెళ్లినప్పుడు "ఇది తప్పనిసరా" అని అడగండి. జ్వరం బిళ్ల ముందే వేస్తే ఫిట్స్ రావనుకోకండి. పారాసిటమాల్ ఒళ్లునొప్పులకీ జ్వరానికీ పనిచేస్తుంది, ఫిట్స్‌ని ఆపదు.

ఆత్మకూరు_అమ్మ | శనివారం మధ్యాహ్నం 1:10

మత్తు గురించి మాట్లాడుతున్నారు కాబట్టి నా బాధా చెప్పుకుంటా. పేర్లు వద్దు. పోయినేడు మా పాపకి (మూడేళ్లు) ఎంఆర్‌ఐ తీయాలన్నారు. స్కానింగ్ సెంటర్లో ఒకబ్బాయి నిద్ర సిరప్ తాగించాడు. సగం ఉమ్మేసింది. ఎంత ఉమ్మిందో తెలీకుండానే ఇంకో మోతాదు పోశాడు. వేలికి క్లిప్పు లేదు, పక్కన డాక్టర్ లేడు. స్కాన్ అయ్యింది, "నిద్ర లేచేస్తది, తీసుకెళ్లండి" అని పంపేశారు.

బైకు మీద మా ఇద్దరి మధ్యలో కూర్చోబెట్టుకున్నాం. తల వాలిపోతంది. నా చేత్తో నుదురు పట్టుకుని వస్తంటే, ఊరి బయటికొచ్చాక పెదాలు ఒకరకంగా అనిపించినయ్. బండి ఆపించి చింతచెట్టు కింద ఒళ్లో పడుకోబెట్టి తల వెనక్కి వంచితే గురక పెట్టి ఊపిరి తీసింది. ఇప్పటికీ ఆ చెట్టు దాటుతుంటే కాళ్లు వణుకుతాయి.

మత్తుడాక్టర్_నెల్లూరు | శనివారం మధ్యాహ్నం 2:45

అమ్మా, మీరు తల వెనక్కి వంచడమే పాపని కాపాడింది. మత్తులో ఉన్నప్పుడు గడ్డం గుండెకి ఆనితే గాలిదారి మూసుకుపోతుంది. మందు ఊపిరిని ఆపకపోయినా, మెడ వాలిపోవడమే ఊపిరిని ఆపేస్తుంది. కూర్చోబెట్టి తీసుకెళ్లడం వల్లే అది జరిగింది.

నా కోపం మందు మీద కాదు. సిరప్ అయినా, మిడజోలం అయినా, ఇచ్చిన గది ఎలా ఉందన్నదే అసలు విషయం. వేలికి ఆక్సిజన్ క్లిప్పు, చేతికందే దూరంలో ఆక్సిజన్, మాస్కు బ్యాగు, ఊపిరి చూడటం తప్ప ఇంకో పని లేని ఒక మనిషి. ఇవి లేనిచోట పిల్లలకి మత్తు ఇప్పించుకోకండి. కడుపు ఖాళీగా ఉండాలి: నీళ్లకి 2 గంటలు, తల్లిపాలకి 4, పోతపాలు లేదా తేలిక టిఫినుకి 6. సగం ఉమ్మేస్తే అంచనా వేసి మళ్లీ పోయకూడదు. పిల్ల తనంతట తాను కళ్లు తెరిచి, మనుషుల్ని గుర్తుపట్టి, తల నిలిపి కూర్చుని, నీళ్లు తాగాకే ఇంటికి.

మిడజోలం జాతికి విరుగుడు లేదా అని కొందరు నన్ను విడిగా అడిగారు. ఉంది, ఫ్లుమజెనిల్. కానీ అది గంటలోపే దిగిపోతుంది, మందు అంతకంటే ఎక్కువసేపు ఉంటే మళ్లీ మత్తులోకి జారతారు. ఏళ్ల తరబడి బెంజో వాడుతున్నవాళ్లకి అది ఇస్తే ఫిట్సే రావచ్చు. విరుగుడు ఉంది కదా అని ధైర్యంగా పోసేయడానికి లేదు.

రంగనాయకులపేట_మాస్టారు | శనివారం సాయంత్రం 6:02

నేను రిటైరయిన తెలుగు పండితుణ్ణి. ఈ చర్చ మొదటినుంచి చదువుతున్నాను. డాక్టరు గారు చెప్పిన పేర్లలో క్లోనజెపాం అన్నది చూసి ఉలిక్కిపడ్డాను. మా ఆవిడ చనిపోయిన ఏడాది నాకు నిద్ర పట్టకపోతే ఒక వైద్యుడు 0.5 మి.గ్రా. బిళ్ల నెల రోజులకి రాశాడు. ఆ నెల ఇప్పటికి ఎనిమిదేళ్లయింది. పాత చీటీ చూపించి తెచ్చుకుంటున్నాను. ఇప్పుడది వేసుకున్నా రెండింటికే మెలకువ వస్తోంది. నిరుడు వినాయక చవితినాడు తెల్లవారుజామున బాత్రూం గడపకి తట్టుకుని పడ్డాను, ఎముక విరగలేదు. ఇది ఫిట్సు మందని నాకెవరూ చెప్పలేదు. పసివాడికి ఒక్క మోతాదు ఇవ్వడానికి ఒక ఇల్లంతా ఇంత మథనపడుతుంటే నేను ఇన్నేళ్లు గుడ్డిగా మింగాను. రేపట్నుంచి మానేద్దామనుకుంటున్నాను.

కావలి_మెడికల్స్ | శనివారం సాయంత్రం 6:09

మాస్టారూ, రేపట్నుంచి మానేయబాకండి!! ఏళ్ల తరబడి వాడింది ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ లేనివాళ్లకి కూడా ఫిట్స్ వస్తాయి. ముందు డాక్టర్ని కలవండి. దీంతోపాటు ఇంకేం బిళ్లలు వాడుతున్నారో చెప్పండి.

రంగనాయకులపేట_మాస్టారు | శనివారం సాయంత్రం 6:25

బీపీకి ఒకటి. మోకాళ్ల నొప్పికి ట్రమడాల్ అని రాసి ఉంది, నొప్పి ఎక్కువైన రాత్రి వేసుకుంటాను.

కావలి_మెడికల్స్ | శనివారం సాయంత్రం 6:40

అదే అనుకున్నా. ట్రమడాల్ మార్ఫిన్ జాతిది. అది, క్లోనజెపాం రాత్రిపూట కలిస్తే ఊపిరి మందగిస్తది. 2016లో అమెరికా మందుల సంస్థ ఈ జోడీ మీద డబ్బా గీసి మరీ హెచ్చరిక రాయించింది. పైగా ట్రమడాల్‌కి ఫిట్స్ తెప్పించే గుణం కూడా ఉంది. మీరు క్లోనజెపాం టక్కున ఆపి, ట్రమడాల్ ఒక్కటే వేసుకుంటూ పోయుంటే ఏమయ్యేదో ఆలోచించండి. నొప్పి బిళ్ల మార్చమని రేపే అడగండి.

మా షాపుల తప్పు కూడా ఒప్పుకోవాలి. ఎర్ర అక్షరాల్లో ఎన్‌ఆర్‌ఎక్స్ అని (మత్తు జాతి మందు అని గుర్తు) అచ్చేసుంటది స్ట్రిప్పు మీద. 2014 మార్చి నుంచి షెడ్యూల్ హెచ్1 అని వచ్చింది. ఆల్ప్రజోలం, డయజెపాం, మిడజోలం, నైట్రజెపాం అందులో ఉన్నాయి. చీటీ లేకుండా ఇవ్వకూడదు, డాక్టర్ పేరు, పేషెంట్ పేరు, ఎన్ని ఇచ్చామో రిజిస్టర్లో రాసి మూడేళ్లు దాచాలి. నేను అడిగితే "పక్క షాపోడు ఇస్తాడులే" అని పోతారు. నిజంగానే పక్కన ఇస్తారు కూడా. ఫిట్స్ స్ప్రే కావాలని చీటీతో వచ్చినవాళ్లకి మాత్రం "స్టాక్ లేదు, రిజిస్టర్ గొడవ" అని తిప్పి పంపేవాళ్లున్నారు. రాత్రి నిద్రకి సులువుగా దొరికే జాతి, ఫిట్స్‌కి కావాలంటే దొరకదు. ఇదెక్కడి న్యాయమో!

ఉదయగిరి_వెంకి | శనివారం రాత్రి 9:50

కావలన్నా, ఆపితే ఫిట్స్ వస్తయ్ అన్నావే, మందు (తాగే మందు) ఆపినా అట్నే వస్తదా? మా బాబాయి శివరాత్రికి మాల వేసుకుంటా అని తాగుడు ఒక్కసారే మానేశాడు. రెండో రోజు కొట్టుకున్నాడు. మేం దేవుడి కోపం అనుకున్నాం.

కందుకూరు_సిస్టర్ | శనివారం రాత్రి 10:12

అచ్చం అదే వెంకీ. సారా కూడా మెదడులో ఇంచుమించు అదే తాళంలో తిరిగే తాళంచెవి. ఏళ్లుగా రోజూ తాగి ఒక్కసారి ఆపితే మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు, ఆ తర్వాత లేని పురుగులు పాకుతున్నట్టు, ఎవరో పిలుస్తున్నట్టు పలవరింత మొదలైతే ప్రాణానికే ప్రమాదం. దానికి హాస్పిటల్లో ఇచ్చేది కూడా ఈ జాతి మందులే, లెక్క ప్రకారం ఇచ్చి కొద్ది రోజుల్లో తగ్గించేస్తారు, తోడు విటమిన్ బి1 సూదులు. తెలంగాణ జిల్లాల్లో ఆల్ప్రజోలం, డయజెపాం కలిపిన కల్తీ కల్లు తాగి, అది దొరకనప్పుడు జనం పిచ్చిపట్టినట్టు ప్రవర్తించి, ఫిట్స్ వచ్చి హాస్పిటళ్లకి చేరినట్టు పేపర్లలో వచ్చిందిగా, అదీ ఇదే బాపతు. మాల వేసుకునే ముందు హాస్పిటల్‌కి పంపు మీ బాబాయిని.

ఉదయగిరి_వెంకి | శనివారం రాత్రి 10:20

సరే సిస్టరా. ఉల్లిపాయ మాట వెనక్కి తీసుకుంటన్నా.

కనిగిరి_పద్మ | ఆదివారం ఉదయం 7:15

నాదొక సందేహం. మా చెల్లికి తొమ్మిదో నెలలో బీపీ పెరిగి ఫిట్స్ వచ్చినయ్, గుర్రపు వాతం అన్నారు. వాళ్లు ఈ మందులేవీ ఇవ్వలేదు, మెగ్నీషియం అని ఏదో ఎక్కించారు. తప్పు చేశారా?

మత్తుడాక్టర్_నెల్లూరు | ఆదివారం ఉదయం 9:00

లేదమ్మా, అదే సరైన మందు. గుర్రపు వాతంలో డయజెపాం కన్నా మెగ్నీషియం సల్ఫేట్ ఇచ్చినవాళ్లకి ఫిట్స్ మళ్లీ రావడం సగానికి పైగా తగ్గిందని 1995లోనే తేలింది. అన్ని ఫిట్స్‌కీ ఒకే మందు కాదు. పురుగుమందు విషం ఎక్కి ఫిట్స్ వచ్చినవాళ్లకి (మన పొగాకు, పత్తి చేల పుణ్యమా అని ఏటా చూస్తాం) అట్రోపిన్‌తో పాటు బెంజోలే వాడతాం.

దర్శి_ల్యాబ్ | ఆదివారం ఉదయం 10:30

చిన్న ఊళ్ల సమస్య ఒకటి. మా పక్కన చిన్న క్లినిక్‌లో ఫిట్స్ అంటే కాంపోజ్ సూది తొడకి వేసేస్తారు. పని చేస్తదా?

మత్తుడాక్టర్_నెల్లూరు | ఆదివారం ఉదయం 11:12

కాంపోజ్ అంటే డయజెపాం. నరంలోకి అయితే బాగా పనిచేస్తుంది. కండలోకి వేస్తే ఎప్పుడు ఎంత రక్తంలో కలుస్తుందో చెప్పలేం. నరం దొరక్కపోతే పిల్లలకి మలద్వారం గుండా ఎక్కించొచ్చు. కండకి సరైనది మిడజోలం. 2012లో అమెరికాలో 893 మంది మీద చేసిన అంబులెన్స్ పరీక్షలో 40 కిలోలు పైబడ్డవాళ్లకి కండలోకి 10 మి.గ్రా. మిడజోలం వేస్తే హాస్పిటల్ చేరేసరికి 73 శాతం మందికి ఫిట్స్ ఆగాయి. నరంలోకి లోరజెపాం వేసినవాళ్లలో 63 శాతం. కొట్టుకుంటున్న చేతిలో నరం వెతికే సమయం మిగలడమే తేడా. ఊపిరి గొట్టం వేయాల్సి వచ్చింది రెండు వైపులా 14 శాతం చిల్లరే.

ఇంకోటి, లోరజెపాం ఇంజెక్షన్ ఫ్రిజ్‌లో ఉండాలి. మే నెలలో కరెంటు పోయి వచ్చే సెంటర్లో అది ఎంత నమ్మకమో మీరే చెప్పండి. మిడజోలం గదిలో ఉన్నా పాడవదు.

మా డాక్టర్ల మీదా ఒక మాట. ఊపిరి ఆగుతుందేమోనని భయపడి సగం మోతాదు వేసి చూద్దాం అనడం మాలో చాలామందికి అలవాటు. సగం మోతాదుకి ఫిట్స్ ఆగవు, పావుగంట పోతుంది, ఆ తర్వాత నిండు మోతాదుకీ లొంగవు. ఇవ్వాల్సి వస్తే మొదటిసారే నిండుగా ఇవ్వాలి. రెండు మోతాదులకీ ఆగకపోతే ఇంకా ఇంకా అదే పోయడం కాదు, లెవెటిరసిటాం, వాల్‌ప్రోయేట్, ఫాస్‌ఫెనిటాయిన్ లాంటివాటికి వెళ్లాలి. 2019లో ఆ మూడింటినీ పోల్చితే మూడూ ఇంచుమించు ఒకటే, దాదాపు సగం మందికి పనిచేశాయి.

నిర్వాహకుడు | ఆదివారం మధ్యాహ్నం 12:00

ఇక్కడి మోతాదులు ఆ పిల్లాడి బరువు, ఆ సీసా లెక్క. స్క్రీన్‌షాట్ తీసి కుటుంబ గ్రూపుల్లో పెట్టకండి. ఇద్దరు అప్పుడే పెట్టినట్టు తెలిసింది.

రంగనాయకులపేట_మాస్టారు | మూడు వారాల తర్వాత, మంగళవారం

డాక్టరుని కలిశాను. ట్రమడాల్ తీసేశారు. క్లోనజెపాం ఒక్కసారి కాదు, రెండు నుంచి నాలుగు వారాలకొకసారి నూటికి 5, 10 పాళ్లు చొప్పున తగ్గించుకుంటూ నెలల మీద రావాలన్నారు. నేను హుషారు చూపించి మొదటి వారమే పావు బిళ్ల కోసేశాను. చాకుతో కోస్తే సగం పొడి అయింది, మిగిలింది చీమంత. మూడు రాత్రులు కళ్లు మూత పడలేదు, చేతులు వణికాయి, గోడ గడియారం చప్పుడు సుత్తిదెబ్బలా వినపడింది. మళ్లీ పాత మోతాదుకి వెళ్లి, ఆయన చెప్పినట్టే మొదలుపెట్టాను. ఆయన తిట్టలేదు, "మాస్టారూ, పద్యం నేర్పినట్టు రోజుకో పాదం" అన్నారు. మధ్యాహ్నం కునుకు, సాయంత్రం కాఫీ మానేశాను. కాఫీ మానడమే ఎక్కువ కష్టంగా ఉంది.

పొదిలి_నాన్న | ఐదు వారాల తర్వాత, గురువారం రాత్రి 1:20

నిద్ర పట్టక రాస్తున్నా. ఇందాక మావాడికి మళ్లీ వచ్చింది. జ్వరం సాయంత్రం నుంచే ఉంది. క్లోబజాం వేద్దామనుకునేలోపే కళ్లు లాగినయ్. నేను స్ప్రే తీసుకున్నా. నా భార్య పక్కకి తిప్పి పట్టుకుంది. ఫోన్ టైం చూసింది ఎవరనుకున్నారు? మా అమ్మ. చదువు రాదు, అంకెలు తెలుసు. "ఒకటయింది... రెండయింది" అని గట్టిగా చెప్తంది. నా చేతులు వణికి స్ప్రే మూత ఎగిరి మంచం కిందకి పోయింది. ముక్కు దగ్గర పెట్టుకుని కూర్చున్నా. అమ్మ "మూడు" అనబోతుంటే వాడు ఒక్కసారి వదులైపోయి, గట్టిగా ఊపిరి తీసి, ఏడ్చాడు.

స్ప్రే వాడలేదు. 108 వచ్చింది, చూశారు, పొద్దున డాక్టరమ్మ దగ్గరికి పోతున్నాం. వాడు నా పక్కనే నిద్రపోతున్నాడు. అయిదు నిమిషాలకొకసారి పొట్ట కదులుతుందా లేదా అని చెయ్యేసి చూస్తున్నా.

కందుకూరు_సిస్టర్ | గురువారం రాత్రి 1:34

నైట్ డ్యూటీలో ఉన్నా. మెడ బిగుసుకోవడం, వాంతులు, లేపినా లేవకపోవడం ఉంటే పొద్దున దాకా ఆగబాకండి, ఇప్పుడే బయల్దేరండి. లేకపోతే పడుకో తమ్ముడూ. అమ్మకి నా తరఫున చెప్పు, టైం బాగా చూసిందని.

ఆ మూత దొరికిందా? మూత లేకపోతే నాజిల్లో దుమ్ము చేరి తుంపర రాదు.

పొదిలి_నాన్న | గురువారం రాత్రి 1:41

టార్చి వేసి చూశా. మంచం కింద మూత ఉంది, పక్కనే తాళాలగుత్తి కూడా ఉంది.